విదేశీ విజ్ఞానయాత్ర: కొటేషన్లను పోల్చి చూడడం

ఉపోద్ఘాతం

మీ అమ్మాయి బడి నుంచి ఒక కాగితం తెచ్చిందనుకోండి. అందులో "శ్రీలంక విజ్ఞానయాత్ర, 5 రోజులు, ఒక్కొక్కరికి 42,000 రూపాయలు మాత్రమే" అని ఉంది. నెల తిరిగేసరికి మొదటి వాయిదా కట్టాలి. అమ్మాయికి వెళ్ళాలని ఉంది. మీకూ పంపాలనే ఉంది. కాని ఆ 42,000తో ఖర్చు తీరిపోతుందా? "మాత్రమే" అన్న మాట వెనుక ఇంకేమైనా ఉందా?

ఇదే సమస్య మరొక విధంగానూ మీకు ఎదురుకావచ్చు. మీరు బడి తల్లిదండ్రుల సంఘంలో సభ్యులైతే, మూడు ట్రావెల్ కంపెనీలు పంపిన కొటేషన్లను మీ ముందు పెట్టి "ఏది మంచిదో చెప్పండి" అని అడగవచ్చు. మూడింటిలో మూడు అంకెలు ఉంటాయి. అందరి చూపూ ముందుగా చిన్న అంకె మీదికే పోతుంది. అయితే ఆ మూడు అంకెలూ ఒకే వస్తువుకు ధరలు కావు. ఒక కంపెనీ భోజనంతో కలిపి చెబుతుంది, మరొకటి భోజనం తీసేసి చెబుతుంది, ఇంకొకటి సగం డాలర్లలో చెబుతుంది. సంచితో కలిపి తూచిన బియ్యాన్నీ, సంచి లేకుండా తూచిన బియ్యాన్నీ పోల్చడం ఎంత తప్పో, ఇదీ అంతే తప్పు.

ఈ పాఠంలో హైదరాబాదు నుంచి శ్రీలంకకు వెళ్ళే ఒక పాఠశాల యాత్రను ఉదాహరణగా తీసుకొందాం. ఈ ఉదాహరణ ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల కాలపు శాసనం ఒకటి అక్కడ సింహళ విహారం ఉండేదని చెబుతుంది. అంటే తెలుగు నేలకూ, ఆ దీవికీ సుమారు 1,700 ఏళ్ళ కిందటే రాకపోకలు ఉన్నాయి. చరిత్ర పాఠంలో ఈ సంగతి చదివిన పిల్లలు అనురాధపురం స్తూపాలను కళ్ళారా చూస్తే ఆ పాఠం వారికి జీవితాంతం గుర్తుంటుంది.

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- కంపెనీలన్నింటినీ ఒకే విధంగా ధర అడగడం ఎలాగో వివరించగలుగుతారు;
- వేర్వేరు కొటేషన్లను ఒకే కొలతకు తెచ్చి, ఒక విద్యార్థికి అయ్యే నిజమైన ఖర్చును లెక్కకట్టగలుగుతారు;
- ధరలో కనిపించని అంశాలను, ముఖ్యంగా భద్రతను, గుర్తించగలుగుతారు;
- డబ్బు కట్టే ముందు అడగవలసిన ప్రశ్నలను చెప్పగలుగుతారు.

1. అందరినీ ఒకే ప్రశ్న అడగడం

కొటేషన్లు పోల్చడానికి వీలులేకుండా ఉన్నాయంటే, చాలాసార్లు తప్పు కంపెనీలది కాదు, అడిగిన వారిది. "శ్రీలంకకు పిల్లలను తీసుకువెళ్ళాలి, ఎంతవుతుంది?" అని ఫోనులో అడిగితే ఎవరికి తోచిన ధర వారు చెబుతారు. కాబట్టి మొదట పాఠశాల ఒక కాగితం తయారు చేసి, అదే కాగితాన్ని కంపెనీలన్నింటికీ పంపాలి. అందులో ఈ వివరాలు ఉండాలి:

(అ) ఎంతమంది విద్యార్థులు, ఎంతమంది ఉపాధ్యాయులు. బాలికలు, బాలుర సంఖ్య విడివిడిగా రాయాలి. గదుల లెక్క దీని మీదే ఆధారపడుతుంది.

(ఆ) ఏ తేదీలలో ప్రయాణం. శ్రీలంక పడమటి తీరంలో, అంటే కొలంబో వైపు, మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల ప్రభావం ఉంటుంది. క్యాండీ నగరంలో జూలై, ఆగస్టు నెలల్లో పెరహెర ఉత్సవం జరిగే రోజుల్లో హోటలు గదుల ధరలు బాగా పెరుగుతాయి. తేదీ మారితే ధర మారుతుంది. కనుక అందరికీ ఒకే తేదీలు ఇవ్వాలి.

(ఇ) ఏ ఏ స్థలాలు చూడాలి. ఉదాహరణకు అనురాధపురం, సిగిరియా, పొలొన్నరువ, క్యాండీ. మొదటి మూడింటినీ యునెస్కో 1982లో, క్యాండీని 1988లో ప్రపంచ వారసత్వ స్థలాలుగా గుర్తించింది.

(ఈ) ఎన్ని పూటల భోజనం, శాకాహారం కావలసిన వారు ఎంతమంది, గదికి ఎంతమంది.

(ఉ) ధరను రూపాయలలో, పన్నులతో సహా చెప్పాలని. ధరలో చేరనివి ఏవో విడిగా రాయాలని.

చివరి అంశం అన్నిటికన్నా ముఖ్యమైనది. కొటేషన్‌లో "చేరినవి" అన్న జాబితాను అందరూ చదువుతారు. మీరు మాత్రం "చేరనివి" అన్న జాబితాను ముందు చదవండి. మీ జేబు నుంచి తరువాత పోయే డబ్బు అక్కడే ఉంటుంది.

2. ఒకే కొలతకు తీసుకురావడం

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. ఇందులోని కంపెనీలు, ధరలు నేర్చుకోవడం కోసం ఊహించినవే. 40 మంది విద్యార్థులు, 4గురు ఉపాధ్యాయులు వెళుతున్నారు. ఉపాధ్యాయులు పిల్లల బాధ్యత మోయడానికి వెళుతున్నారు కాబట్టి, వారి ఖర్చును 40 మంది విద్యార్థులూ సమానంగా పంచుకొంటారు.

మూడు కంపెనీల కొటేషన్లు ఇలా ఉన్నాయి:

"క" కంపెనీ: తలకు 42,000 రూపాయలు. జి.ఎస్.టి., మధ్యాహ్న భోజనం, ప్రవేశ టిక్కెట్లు, ప్రయాణ బీమా ఇందులో చేరవు. ఉపాధ్యాయులకు కూడా పూర్తి ధర కట్టాలి.

"ఖ" కంపెనీ: తలకు 49,500 రూపాయలు. అన్నీ ఇందులోనే. ప్రతి 15 మంది విద్యార్థులకు ఒక ఉపాధ్యాయుడికి ఉచితం.

"గ" కంపెనీ: విమాన టిక్కెట్టుకు 19,000 రూపాయలు, మిగతా యాత్రకు 340 డాలర్లు. జి.ఎస్.టి., మధ్యాహ్న భోజనం, బీమా చేరవు. నలుగురు ఉపాధ్యాయులకూ విమాన టిక్కెట్టు తప్ప మిగతాది ఉచితం.

విడిగా పెట్టవలసిన ఖర్చులు తలకు ఇలా ఉంటాయనుకుందాం: 5 రోజుల మధ్యాహ్న భోజనానికి 3,000, ప్రవేశ టిక్కెట్లకు 3,500, బీమాకు 600 రూపాయలు. జి.ఎస్.టి. 5 శాతం, డాలరు విలువ 90 రూపాయలు అనుకుందాం.

"క" కంపెనీ లెక్క:
చెప్పిన ధర: 42,000
జి.ఎస్.టి.: 2,100
మధ్యాహ్న భోజనం: 3,000
ప్రవేశ టిక్కెట్లు: 3,500
బీమా: 600
ఒక మనిషికి మొత్తం: 51,200
నలుగురు ఉపాధ్యాయులకు 2,04,800. దీనిని 40 మందికి పంచితే: 5,120
ఒక విద్యార్థికి నిజమైన ఖర్చు: 56,320 రూపాయలు

"ఖ" కంపెనీ లెక్క:
చెప్పిన ధర: 49,500
40 మందికి ఇద్దరు ఉపాధ్యాయులు ఉచితం. మిగిలిన ఇద్దరికి 99,000. దీనిని 40 మందికి పంచితే: 2,475
ఒక విద్యార్థికి నిజమైన ఖర్చు: 51,975 రూపాయలు

"గ" కంపెనీ లెక్క:
విమాన టిక్కెట్టు: 19,000
340 డాలర్లు: 30,600
జి.ఎస్.టి.: 2,480
మధ్యాహ్న భోజనం, బీమా: 3,600
ఒక విద్యార్థికి: 55,680
ఒక ఉపాధ్యాయుడికి విమాన టిక్కెట్టు, దానిపై జి.ఎస్.టి., భోజనం, బీమా కలిపి 23,550. నలుగురికి 94,200. దీనిని 40 మందికి పంచితే: 2,355
ఒక విద్యార్థికి నిజమైన ఖర్చు: 58,035 రూపాయలు

ఏం జరిగిందో గమనించండి. అన్నింటికన్నా చవకగా కనిపించిన "క" కంపెనీ, "ఖ" కంపెనీ కంటే ఒక్కొక్క విద్యార్థికి 4,345 రూపాయలు ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది. 40 కుటుంబాలకు కలిపి ఇది 1,73,800 రూపాయలు. నలుగురు ఉపాధ్యాయులకు కొసరు ఇస్తానన్న "గ" కంపెనీ చివరకు అందరికన్నా ఖరీదైనదిగా తేలింది.

ఈ లెక్కకు కావలసింది కూడిక, గుణకారం, భాగహారం మాత్రమే. ఒక కాగితం మీద అడ్డంగా కంపెనీల పేర్లు, నిలువుగా ఖర్చుల పేర్లు రాసుకోండి. ఏ గడీ ఖాళీగా ఉందో ఆ సంగతి కంపెనీని అడిగి రాయించుకోండి. ఖాళీ గడిని సున్నా అనుకోకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1

1. "ఘ" అనే కంపెనీ తలకు 50,000 రూపాయలు అడిగింది. అన్నీ ఇందులోనే ఉన్నాయి, కాని ఉచిత స్థానాలు లేవు. పై యాత్రకు ఒక విద్యార్థి నిజమైన ఖర్చు ఎంత?
2. డాలరు 90 నుంచి 95 రూపాయలకు పెరిగితే "గ" కంపెనీ ధర, జి.ఎస్.టి.తో సహా, ఒక విద్యార్థికి ఎంత పెరుగుతుంది?

3. పన్నులు, డాలర్లు, విడి ఖర్చులు

విదేశీ యాత్ర ప్యాకేజీ కొన్నప్పుడు జి.ఎస్.టి.తో పాటు మరొక వసూలు కూడా ఉంటుంది. దీనిని టి.సి.ఎస్. అంటారు. అంటే అమ్మేవారు కొనేవారి దగ్గర ముందుగానే వసూలు చేసి ప్రభుత్వానికి జమ చేసే ఆదాయపు పన్ను. విదేశీ యాత్రల మీద ఇది 2020 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆ తరువాత 2023లోను, 2025లోను దీని రేట్లు, పరిమితులలో మార్పులు జరిగాయి. కనుక ఒప్పందం కుదుర్చుకొనే నాటికి ఉన్న రేటు ఎంతో అడిగి తెలుసుకోవాలి.

జి.ఎస్.టి.కీ, టి.సి.ఎస్.కీ ఒక పెద్ద తేడా ఉంది. జి.ఎస్.టి. కడితే తిరిగి రాదు. అది ఖర్చు. టి.సి.ఎస్. మాత్రం ఎవరి పాన్ నంబరు పేరిట వసూలు చేశారో వారి పన్ను ఖాతాలో జమ అవుతుంది. వారు ఆదాయపు పన్ను రిటర్ను వేసి సర్దుబాటు చేసుకోవచ్చు లేదా తిరిగి పొందవచ్చు. కాబట్టి పోలిక లెక్కలో దీనిని ఖర్చుగా చేర్చవద్దు. అయితే కట్టేనాడు ఆ డబ్బు చేతిలో ఉండాలి. అది పాఠశాల పేరిట జమ అవుతుందా, తల్లిదండ్రుల పేరిటా అన్నది ముందే తేల్చుకోవాలి. లేకపోతే తల్లి కట్టిన డబ్బుకు హక్కు మరొకరిది అవుతుంది.

ధరలో డాలర్లు ఉంటే, కొటేషన్ ఇచ్చిన రోజు విలువా, డబ్బు కట్టే రోజు విలువా అని అడగండి. డాలరు 3 రూపాయలు పెరిగితే "గ" కంపెనీ ధర ఒక్కొక్కరికి జి.ఎస్.టి.తో కలిపి 1,071 రూపాయలు పెరుగుతుంది. ధరను రూపాయలలో ఖాయం చేసి రాసి ఇమ్మని కోరడం మేలు.

ఏ కొటేషన్‌లోనూ కనిపించని ఖర్చులు కూడా కొన్ని ఉన్నాయి. పాస్‌పోర్టు అందులో మొదటిది. చిన్నపిల్లల పాస్‌పోర్టు సాధారణంగా 5 ఏళ్ళకే చెల్లుతుంది. అయిదో తరగతిలో తీసుకొన్న పాస్‌పోర్టు పదో తరగతికి గడువు తీరిపోయి ఉండవచ్చు. శ్రీలంకలో అడుగుపెట్టే నాటికి పాస్‌పోర్టుకు ఇంకా 6 నెలల గడువు మిగిలి ఉండాలి. ప్రయాణ అనుమతిని కూడా ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. దాని రుసుము నియమాలు తరచు మారుతుంటాయి కాబట్టి, అది ధరలో చేరిందో లేదో రాయించుకోవాలి.

4. అంకెలలో కనిపించనివి

రెండు కంపెనీల ధర దాదాపు ఒకటే అయినప్పుడు దేనిని ఎంచుకోవాలి? అప్పుడు ఈ కింది విషయాలు చూడాలి.

రోజుల లెక్క: "5 పగళ్ళు, 4 రాత్రులు" అని రాస్తారు. విమానం మొదటి రోజు రాత్రి 10 గంటలకు దిగి, చివరి రోజు తెల్లవారుజామున బయలుదేరితే చూడడానికి మిగిలేది 3 రోజులే. చెన్నై మీదుగా వెళ్ళే విమానమైతే అక్కడ ఎన్ని గంటలు ఆగాలో కూడా చూడండి.

బస ఎక్కడ: కొలంబో విమానాశ్రయం నిజానికి కటునాయకెలో, నగరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. "కొలంబో సమీపంలో హోటలు" అంటే ఎక్కడో పేరుతో సహా చెప్పాలి. "లేదా దానికి సమానమైనది" అన్న మాట ఉంటే, ఆ సమానమైన హోటలు పేరు కూడా అడగండి.

బస్సు ప్రయాణం: కొలంబో నుంచి సిగిరియా 160 కిలోమీటర్లకు పైనే. అంత దూరం ప్రయాణం చేసి, అదే రోజు సుమారు 200 మీటర్ల ఎత్తున్న ఆ కొండను పిల్లలచేత ఎక్కించే కార్యక్రమం కాగితం మీద బాగుంటుంది కాని, ఆచరణలో కష్టం. ఒకే రోజులో మూడు ఊళ్ళు చూపిస్తామన్న కంపెనీ ఎక్కువ ఇస్తున్నట్లు కాదు. పిల్లలు ఆ ఊళ్ళను బస్సు కిటికీలోంచి చూస్తారని అర్థం.

భద్రత: ఇది అన్నింటికన్నా ముఖ్యం. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో దిగిన హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, లార్జీ ఆనకట్ట నుంచి విడుదలైన నీటిలో కొట్టుకుపోయారు. వారితో వెళ్ళిన యాత్రా నిర్వాహకుడు కూడా ప్రాణాలు కోల్పోయాడు. అది మన దేశంలోనే జరిగిన యాత్ర. కొత్త చోట ఏ నీరు ఎప్పుడు పెరుగుతుందో పిల్లలకు తెలియదు. తెలిసిన మనిషి పక్కన ఉండాలి. కనుక ప్రతి కంపెనీని ఇలా అడగండి: యాత్ర పొడుగునా స్థానిక గైడు ఉంటాడా? కార్యక్రమంలో నది, సముద్రం, పడవ ఏవైనా ఉన్నాయా? ఉంటే అక్కడ రక్షణ ఏర్పాటు ఏమిటి? బస్సులో సీటు బెల్టులు ఉన్నాయా? పిల్లవాడికి రాత్రి జ్వరం వస్తే ఏ ఆసుపత్రికి, ఎవరు తీసుకువెళతారు? బీమా ఆసుపత్రి ఖర్చుకు ఎంత వరకు వర్తిస్తుంది?

ఈ ప్రశ్నలకు తడుముకోకుండా, రాతపూర్వకంగా జవాబిచ్చే కంపెనీకి తలకు వెయ్యి రూపాయలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. "అవన్నీ మేం చూసుకుంటాం లెండి" అన్నది జవాబు కాదు.

5. డబ్బు కట్టే ముందు

డబ్బు ఒకసారి చేయి దాటితే మాట బలం తగ్గుతుంది. అందువల్ల ఈ నాలుగు విషయాలు ముందే తేల్చుకోవాలి.

మొదటిది, వాయిదాలు. మొత్తం సొమ్ము మొదటే కట్టమంటే ఒప్పుకోవద్దు. కొంత ఇప్పుడు, కొంత విమాన టిక్కెట్లు చేతికి వచ్చాక, మిగిలినది ప్రయాణానికి ముందు అన్న పద్ధతి మంచిది. డబ్బు కంపెనీ పేరిట ఉన్న బ్యాంకు ఖాతాకే పోవాలి, ఏ వ్యక్తి ఖాతాకూ కాదు. ప్రతి వాయిదాకు జి.ఎస్.టి. నంబరు ఉన్న రసీదు తీసుకోవాలి.

రెండవది, రద్దు. ఒక పిల్లవాడికి ప్రయాణానికి వారం ముందు కాలు విరిగిందనుకోండి. అతని డబ్బులో ఎంత తిరిగి వస్తుంది? 60 రోజుల ముందు, 30 రోజుల ముందు, 7 రోజుల ముందు రద్దయితే ఎంతెంత కోత పడుతుందో కంపెనీవారీగా పట్టికలో రాయండి. అలాగే విమాన సంస్థే సర్వీసు ఆపివేస్తే ఏం చేస్తారో అడగండి. 2023 మే 3న గో ఫస్ట్ సంస్థ విమానాలు ఆగిపోయినప్పుడు, టిక్కెట్లు కొన్నవారు వేరే దారి వెతుక్కోవలసి వచ్చింది.

మూడవది, సంఖ్య తగ్గడం. 40 మంది అనుకొన్నది చివరకు 35 మంది అయితే? "ఖ" కంపెనీ ధర మార్చకపోతే ఒక్కొక్కరికి ఖర్చు దాదాపు 52,329 రూపాయలు అవుతుంది. అంటే సుమారు 354 రూపాయలే పెరుగుతుంది. కాని "40 కంటే తగ్గితే ధర మారుతుంది" అని కింద చిన్న అక్షరాలలో ఉంటే ఈ లెక్క నిలవదు.

నాలుగవది, పూర్వానుభవం. ఆ కంపెనీతో ఇంతకు ముందు పిల్లలను పంపిన రెండు పాఠశాలల వివరాలు అడిగి, అక్కడి ఉపాధ్యాయులతో మాట్లాడండి. "మీరు ముందు అనుకొన్న దానికన్నా ఎంత ఎక్కువ ఖర్చయింది?" అన్న ఒక్క ప్రశ్న చాలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2

సరైనవో కావో రాయండి.
1. టి.సి.ఎస్. కూడా జి.ఎస్.టి. వలె తిరిగి రాని ఖర్చు.
2. కొటేషన్‌లో ఒక అంశం గురించి ఏమీ రాయకపోతే అది ఉచితమని అర్థం.
3. రద్దు నియమాలను డబ్బు కట్టే ముందే తెలుసుకోవాలి.

6. నిర్ణయం అందరిదీ

పోలిక పట్టిక ప్రధానోపాధ్యాయుల బల్ల సొరుగులో ఉండకూడదు. దానిని తల్లిదండ్రుల సమావేశంలో గోడకు అంటించాలి. ఏ కంపెనీని ఎందుకు ఎంచుకొన్నారో రెండు వాక్యాలు రాసి, హాజరైన వారి సంతకాలు తీసుకోవాలి. దీనివల్ల ఉపాధ్యాయుల మీద అనవసరమైన అనుమానం రాదు. తల్లిదండ్రులకూ భరోసా ఉంటుంది.

మరొక మాట. కంపెనీ ఇచ్చే ఉచిత స్థానాలు ఎవరికి చెందాలన్నది కూడా ఆ సమావేశంలోనే తేలాలి. వాటిని ఉపాధ్యాయులకు వాడితే అందరి ఖర్చూ కొంచెం తగ్గుతుంది. అలా కాక, డబ్బు లేక ఆగిపోతున్న ఇద్దరు పిల్లలకు ఇస్తే వారూ సిగిరియా చూస్తారు. "ఖ" కంపెనీ లెక్కలో ఇద్దరు పిల్లలకు ఉచితంగా ఇచ్చి, నలుగురు ఉపాధ్యాయుల ఖర్చును మిగిలిన 38 మందీ పంచుకొంటే ఒక్కొక్కరికి దాదాపు 54,711 రూపాయలు అవుతుంది. అది "క" కంపెనీ నిజమైన ధర కన్నా ఇప్పటికీ తక్కువే. లెక్క సరిగా చేస్తే మిగిలే డబ్బు ఇద్దరు పిల్లలకు దారి చూపగలదు.

మీరు పెద్ద చదువులు చదవలేదని ఆ సమావేశంలో వెనుక కూర్చోనవసరం లేదు. కొటేషన్ తీసుకొని, వేలు పెట్టి "అయ్యా, ఇందులో మధ్యాహ్న భోజనం ఉందా?" అని అడగండి. ఆ ప్రశ్న మీ ఒక్కరి కోసం కాదు, 40 కుటుంబాల కోసం అడిగినట్లు.

సారాంశం

- కంపెనీలన్నింటికీ ఒకే వివరాల కాగితం పంపాలి.
- చెప్పిన ధరకు చేరని ఖర్చులు, పన్నులు, ఉపాధ్యాయుల ఖర్చు కలిపి, డబ్బు కట్టే విద్యార్థుల సంఖ్యతో భాగిస్తే నిజమైన ధర వస్తుంది.
- టి.సి.ఎస్.ను ఖర్చులో కలపకూడదు, కాని కట్టేనాటికి సిద్ధంగా ఉంచుకోవాలి.
- రోజులు, బస, భద్రత, రద్దు నియమాలు చూడకుండా నిర్ణయం తీసుకోకూడదు.
- ప్రతి మాటా రాతలో ఉండాలి.

అభ్యాసం

మీ ఊరి నుంచి పిల్లలను ఒక దూరపు ఊరికి తీసుకువెళ్ళడానికి ఇద్దరు బస్సు యజమానులను ధర అడగండి. డీజిలు, డ్రైవరు బత్తా, టోలు, రాష్ట్రం దాటే పన్ను ఎవరి ధరలో చేరాయో, ఎవరి ధరలో చేరలేదో పట్టికలో రాయండి. ఒక్కొక్క విద్యార్థికి నిజంగా ఎంత పడుతుందో లెక్కకట్టి, మీ నిర్ణయాన్ని అయిదు వాక్యాలలో రాయండి.

జవాబులు

పరీక్షించుకోండి - 1: (1) 50,000ను 44తో గుణిస్తే 22,00,000. దీనిని 40తో భాగిస్తే 55,000 రూపాయలు. (2) 340ని 5తో గుణిస్తే 1,700, దానిపై జి.ఎస్.టి. 85, మొత్తం 1,785 రూపాయలు.

పరీక్షించుకోండి - 2: (1) సరికాదు. (2) సరికాదు. (3) సరైనది.